లైబ్రరీ కంప్యూటర్లలో పిల్లలకి సోషల్ మీడియా బ్లాక్ చేసేయాలా?

మీరు అడిగింది ఇదీ: పబ్లిక్ లైబ్రరీలో కంప్యూటర్ సెక్షన్ కొత్తగా మీ చేతికొచ్చింది, స్కూల్ వదలగానే పిల్లలంతా వచ్చి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ తప్ప ఇంకోటి తెరవట్లేదు, ఒకాయన వచ్చి మా అబ్బాయిని మీరే పాడుచేస్తున్నారని గొడవ చేసి వెళ్ళారు, కమిటీ వాళ్ళేమో 18 ఏళ్ళ లోపు వాళ్ళకి అవన్నీ బ్లాక్ చేసి పారేయండి అంటున్నారు. చేసేయొచ్చా, చేస్తే ఎలా చేయాలి అని.

సూటిగా చెప్పేస్తా. గంపగుత్తగా బ్లాక్ చేయకండి. 13 ఏళ్ళు నిండని చిన్నపిల్లల కంప్యూటర్లకి వేరే సెట్టింగ్ పెట్టుకోండి, మిగతా వాటిలో సైట్లు వదిలేసి టైము, సీటు, సెషన్ (అంటే ఒకరు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పటినుంచి లేచేదాకా సాగే వాడకం) ఈ మూడూ గట్టిగా పట్టుకోండి, కౌంటర్లో కూర్చునే మనిషికి కాస్త ట్రైనింగ్ ఇవ్వండి. నేను చాలా ఏళ్ళుగా లైబ్రరీల్లో పబ్లిక్ కంప్యూటర్ల పనే చూస్తున్నా, అన్నీ బ్లాక్ చేసిన చోటా పనిచేశా, ఏదీ బ్లాక్ చేయని చోటా పనిచేశా. పిల్లలకి నిజంగా దెబ్బ తగిలినవి నా కళ్ళతో చూసినంతవరకు రెండే రకాలు, ఒకటి లాగౌట్ చేయకుండా లేచి వెళ్ళిపోవడం, రెండోది ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలో తెలియక మింగుకుని కూర్చోవడం. సైట్లు బ్లాక్ చేసే ఫిల్టర్ ఈ రెండింటినీ ముట్టుకోను కూడా ముట్టుకోదు.

ముందు ఫిల్టర్ సంగతి, ఎందుకంటే కమిటీ వాళ్ళ మనసులో ఫిల్టర్ అంటే చెడ్డది ఆపి మంచిది వదిలే తెలివైన యంత్రం అని ఉంటుంది. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తోంది, అంటే పేజీలో ఏముందో ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రహస్య రూపంలో, వెళ్తుంది, మధ్యలో కూర్చున్న మామూలు ఫిల్టర్‌కి సైటు పేరు తెలుస్తుంది గానీ అందులో పిల్లాడు సైన్స్ గ్రూపు చూస్తున్నాడో ఇంకేం చూస్తున్నాడో తెలీదు. కాబట్టి దాని చేతిలో ఉన్నది రెండే, సైటు మొత్తం మూసేయడం లేదా మొత్తం తెరవడం. లోపలికి తొంగి చూసే ఫిల్టర్లూ ఉన్నాయి, కానీ వాటికోసం ప్రతి కంప్యూటర్‌లో మీ ఫిల్టర్‌ని నమ్మమని చెప్పే సర్టిఫికెట్ ఎక్కించి, వాడేవాళ్ళ పాస్‌వర్డులు, మెసేజీలతో సహా మధ్యలో విప్పి చూడాల్సి వస్తుంది. పబ్లిక్ లైబ్రరీలో ఆ పని నేనైతే చేయను, ఎవరినీ చేయనివ్వను.

ఇంక మూసేసినా ఏమవుతుందో చెప్తా. నేను పనిచేసిన ఒక లైబ్రరీలో అంతా బ్లాకే. ఒకరోజు ఒక కుర్రాడు లెక్కల నోట్‌బుక్ మర్చిపోయి వెళ్ళాడు, పేరేంటో చూద్దామని తిప్పితే చివరి పేజీ నిండా ప్రాక్సీ సైట్ల (బ్లాక్ అయిన సైటుని తమగుండా తెరిచి చూపించేవి) అడ్రసులు, పనిచేయడం మానేసిన వాటిమీద స్కేలు పెట్టి మరీ అడ్డగీత కొట్టి, పనిచేసేవాటి పక్కన టిక్కు పెట్టి, రెండుమూడు రకాల చేతిరాతలు. అంటే అది అందరి ఉమ్మడి ఆస్తి అన్నమాట! ఆ ప్రాక్సీల్లో సగం ఎవరు నడుపుతున్నారో దేవుడికే తెలియాలి, వీళ్ళు వాటిగుండా తమ అకౌంట్ల పాస్‌వర్డులు కొడుతున్నారు. సైటు నేరుగా తెరుచుకుని ఉంటే ఆ పాస్‌వర్డు ఆ కంపెనీకి మాత్రమే వెళ్ళేది. ఫోన్ ఉన్నవాళ్ళ గోల వేరే, వాళ్ళు అదే కుర్చీలో కూర్చుని మొబైల్ డేటాతో చూసుకుంటారు, మీ ఫిల్టర్ వాళ్ళకి తగలదు. చివరికి తగిలేది ఎవరికయ్యా అంటే సొంత ఫోన్, ఇంట్లో నెట్ లేని పిల్లలకి. లైబ్రరీ ఉన్నదే వాళ్ళకోసం కదా.

ఇంకో విషయం ఎవరూ ముందుగా ఊహించరు. బ్లాక్ పెట్టాక ఒకమ్మాయి వచ్చి "సార్, రేపటి ప్రాక్టీస్ టైము మా టీమ్ ఫేస్‌బుక్ గ్రూపులోనే పెట్టారు, ఒక్కసారి మీ కంప్యూటర్‌లో చూపించరా" అంటుంది. స్టాఫ్ కంప్యూటర్‌లో బ్లాక్ ఉండదు కాబట్టి తెరిచి చూపిస్తారు. మర్నాడు ఇంకొకరు. వారం తిరిగేసరికి కౌంటర్ వాళ్ళకి తెలిసిన పిల్లలకి తెరుస్తారు, తెలియని పిల్లలకి రూల్ ఒప్పుకోదంటారు. రూల్ కాస్తా మొహమాటం అయిపోతుంది. నాకు బ్లాకింగ్ మీద ఉన్న అసలు కోపం ఇదే, ప్రాక్సీలకన్నా కూడా.

సోషల్ మీడియా తెరిచి ఉంచితే చట్టం ఒప్పుకోదు అనేవాళ్ళతో మాట్లాడేముందు చట్టంలో ఏముందో చదవండి. ఎక్కువమంది ఎత్తి చూపించేది అమెరికాలో 2000లో వచ్చిన చిల్డ్రన్స్ ఇంటర్నెట్ ప్రొటెక్షన్ యాక్ట్, సీపా అంటారు. ఇంటర్నెట్ బిల్లుకి ప్రభుత్వ రాయితీ తీసుకునే లైబ్రరీలు ఫిల్టర్ పెట్టాలని అది చెప్తుంది, 2003లో అక్కడి సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. కానీ అది ఆపమన్నది అశ్లీల చిత్రాలు, పిల్లలకి హాని చేసే చిత్రాలు. సోషల్ నెట్‌వర్కింగ్ అన్న మాట అందులో లేదు. ఆ మాటని చేర్చాలని 2006లో డోపా అని ఒక బిల్లు తెచ్చారు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలు లైబ్రరీల్లో అలాంటి సైట్లూ చాట్ రూములూ వాడకుండా చేయాలని. అప్పుడు భయమంతా మైస్పేస్ అనే అప్పటి పెద్ద సోషల్ సైటు గురించి. ప్రతినిధుల సభలో 410-15 ఓట్లతో పాసైంది గానీ సెనేట్ దాటలేదు, అక్కడే ఆగిపోయింది. తర్వాత 2011లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇంకా స్పష్టంగా చెప్పింది, ఫేస్‌బుక్, మైస్పేస్ లాంటివి వాటికవే పిల్లలకి హానికరం అనే కోవలోకి రావు, కొన్ని పేజీలు వస్తే రావచ్చు అని. అంటే సీపా ఉంది కాబట్టి ఫేస్‌బుక్ మూసేయాలి అనే మాట ఆ దేశంలోనే నిలవదు.

ఆస్ట్రేలియా సంగతి కూడా కమిటీలో ఎవరో ఒకరు ఎత్తుతారు. అక్కడ 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ళ లోపు పిల్లలకి పెద్ద సోషల్ మీడియా సైట్లలో అకౌంట్లు ఉండకూడదు. కానీ ఆ బాధ్యతంతా కంపెనీల నెత్తిన పెట్టారు, జరిమానా 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా వాళ్ళకే, పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ శిక్ష లేదు. పైగా ఆ నిషేధం అకౌంట్ మీద, లాగిన్ అక్కర్లేకుండా కనిపించే వీడియో చూడటం మీద కాదు. మీరున్న చోట ఏ రూల్ ఉందో అది పాటించాల్సిందే, అందులో వాదన లేదు, కానీ రూల్ ఎవరిమీద ఉంది, దేనిమీద ఉంది అనేది కాగితం ముందు పెట్టుకుని చూడండి, పేపర్లో హెడ్‌లైన్ చూసి కాదు.

ఇప్పుడు అసలు పని. సెషన్. ఒక పిల్లాడు లేచి వెళ్ళగానే ఆ కంప్యూటర్‌లో వాడి ఆనవాలు ఏదీ మిగలకూడదు. విండో మూసేస్తే లాగౌట్ అయిపోయినట్టే అనుకుంటారు సగం మంది, పెద్దవాళ్ళు కూడా. కుకీ, అంటే లాగిన్‌ని గుర్తుపెట్టుకునే చిన్న ఫైలు, అలాగే ఉంటుంది, తర్వాత వచ్చి కూర్చున్నవాడు అదే సైటు తెరిస్తే నేరుగా ముందువాడి అకౌంట్‌లోకే వెళ్తాడు. ఒక స్కూల్ పిల్లాడి అకౌంట్ నుంచి వాడి టీచర్‌కే బూతు మెసేజ్ వెళ్ళింది ఇలాగే, పంపింది వెనకాల వచ్చిన వాడు, వాయించేసింది వీడిని. కాబట్టి రీస్టార్ట్ చేయగానే అంతా మొదటికొచ్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా పెట్టండి, డీప్ ఫ్రీజ్ లాంటివి చాలా ఉన్నాయి, లేదంటే కనీసం గెస్ట్ సెషన్ పెట్టి టైము అయిపోగానే దానంతటదే ముగిసేలా చేయండి, బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని అడిగే ఆప్షన్ పూర్తిగా ఆపేయండి. వాట్సాప్ వెబ్ ఇంకా ప్రమాదం, ఒకసారి స్కాన్ చేసి వదిలేస్తే చాటంతా వెనకవాడి ముందు పరిచినట్టే. ఇంటికెళ్ళాక గుర్తొచ్చినా ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్ళి అక్కడినుంచే తీసేయొచ్చు, ఈ ఒక్క ముక్క పెద్ద అక్షరాల్లో గోడమీద అంటించండి. ఇన్‌కాగ్నిటో (బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో) గురించి కూడా పిల్లలకి అపోహ ఉంది, అది ఆ కంప్యూటర్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుందంతే, నెట్‌వర్క్ నుంచి దాచదు.

ఇలా ప్రతిసారీ తుడిచేస్తే ఒక ఇబ్బంది వస్తుంది, ముందే చెప్తున్నా, లేకపోతే మొదటి వారమే మీ దగ్గర క్యూ కడతారు. తుడిచేసిన కంప్యూటర్ సైటుకి ఎప్పుడూ కొత్త డివైస్ లాగే కనిపిస్తుంది, పైగా ఒకే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ లైబ్రరీ కనెక్షన్‌ని గుర్తించే నంబరు) నుంచి పదిమంది లాగిన్ అవుతుంటే అనుమానపడి కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ వచ్చేది అమ్మ ఫోన్‌కో నాన్న ఫోన్‌కో, ఆ ఫోన్ డ్యూటీలో ఉంటుంది. దానికి మందు బ్యాకప్ కోడ్లు. గూగుల్ అయితే 8 అంకెల కోడ్లు ఒకేసారి 10 ఇస్తుంది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో కూడా రికవరీ కోడ్లు ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని అవి తీసుకుని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోమనండి, ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది కాబట్టి వాడింది కొట్టేసుకోవాలి. టూ స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఇలా కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఆపేసుకో అని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వకండి, అది పబ్లిక్ కంప్యూటర్ వాడేవాళ్ళకే అందరికన్నా ఎక్కువ అవసరం.

వయసు విషయం. చాలా సైట్లు 13 అని ఎందుకు పెట్టాయంటే అమెరికాలో 1998 నాటి చిల్డ్రన్స్ ఆన్‌లైన్ ప్రైవసీ ప్రొటెక్షన్ యాక్ట్ (కోపా) అనే చట్టం వల్ల, 13 లోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, ఆ తలనొప్పి ఎందుకని కంపెనీలు గీత అక్కడే గీసేశాయి. అంటే పిల్లాడు సిద్ధంగా ఉన్నాడా లేడా అని ఆలోచించి పెట్టిన వయసేం కాదది. అయినా మీకొక గీత కావాలి, ఇదే వాడుకోండి, సైటు వాళ్ళ రూలే మాకూ రూలు అంటే వాదన తగ్గుతుంది. చిన్నపిల్లల గదిలో మీరు ఎంచి పెట్టిన సైట్లు మాత్రమే తెరుచుకునేలా చేయండి, అక్కడ నాకు ఏ అభ్యంతరం లేదు.

పుట్టిన సంవత్సరం అబద్ధం వేయడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పదేళ్ళ పిల్లాడు వచ్చి "అన్నా, అకౌంట్ తెరుచుకోవట్లేదు, ఏం వేయాలి" అని అడుగుతాడు, అంటే ఏ సంవత్సరం వేస్తే ఒప్పుకుంటుందో చెప్పమని. మీ స్టాఫ్ ఎవరూ చెప్పకూడదు, కీబోర్డ్ ముట్టుకోకూడదు. నీతి కోసం ఒక్కటే కాదు, ఆ అబద్ధం తర్వాత వాడికే తగులుతుంది. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబర్ నుంచి టీన్ అకౌంట్లు అని తెచ్చింది, 18 లోపు వాళ్ళ అకౌంట్ ప్రైవేట్‌గా ఉంటుంది, తెలియనివాళ్ళు మెసేజ్ పెట్టలేరు, 16 లోపు వాళ్ళు ఆ సెట్టింగ్ సడలించాలంటే పేరెంట్ ఒప్పుకోవాలి. పదేళ్ళప్పుడు ఇరవై అని వేసుకున్నవాడు పధ్నాలుగుకి వచ్చేసరికి సైటు లెక్కలో ఇరవైనాలుగు, కనిపెట్టి సరిచేస్తే తప్ప ఈ రక్షణలేవీ వాడికి రావు. ఈ లెక్క పిల్లలకి చెప్తే టక్కున అర్థమవుతుంది, చూశాను, కొంతమంది అప్పటికప్పుడు పుట్టినతేదీ సరిచేసుకోవడం ఎలా అని అడిగారు.

సీటు. స్క్రీన్లు కౌంటర్‌కి కనిపించేలా తిప్పండి అంటారు అందరూ. నేను సగం ఒప్పుకుంటా. స్క్రీన్ మీద ఏదో బొమ్మ కదులుతోందని కౌంటర్‌కి తెలియాలి, అక్షరాలు చదవగలిగేంత దగ్గర ఉండకూడదు. వెనకాల నిలబడి చూసేది మీ స్టాఫ్ ఒక్కరే కాదు కదా. పిల్లల వరసా పెద్దల వరసా కలపకండి, పిల్లల కుర్చీల వెనక నడిచే దారి లేకుండా గోడకి దగ్గరగా వేయండి, భుజం మీదుగా పాస్‌వర్డ్ చూసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. పొద్దున తెరిచేటప్పుడు కీబోర్డ్ వైరు సీపీయూకి గుచ్చే చోట మధ్యలో చిన్న పుల్లలాంటిది ఏదైనా తగిలించారేమో చేత్తో తడిమి చూడండి, కొట్టిన ప్రతి అక్షరం దాచుకునే కీలాగర్లు అలాగే ఉంటాయి.

టైము గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రద్దీ ఉంటే అరగంట, లేకపోతే గంట, హోంవర్క్ ఉన్నవాళ్ళకి ముందు. ఏం చూస్తున్నావని అడగకుండా అందరికీ ఒకటే టైము పెడితే చాలా గొడవలు వాటంతటవే చల్లారతాయి, సోషల్ మీడియావాళ్ళ వల్ల చదువుకునేవాళ్ళకి కంప్యూటర్ దొరకట్లేదు అన్న కంప్లైంట్ కూడా అందులోనే తీరిపోతుంది.

ఇప్పుడు కౌంటర్లో మనిషి. నాకు బాగా గుర్తున్న సంగతి ఒకటి. ఒక టీనేజ్ అమ్మాయి ప్రింట్లు తీసుకోవడానికి వచ్చింది, కాగితాలు ప్రింటర్‌లోంచి వస్తుంటే ఒక్కోటీ తిరగేసి బోర్లా పెడుతోంది, డబ్బు ఇచ్చేటప్పుడు చెయ్యి వణుకుతోంది. పై కాగితం సగం కనిపించింది, చాట్ స్క్రీన్‌షాట్. మా కౌంటర్‌లో ఉన్నావిడ ఏమీ చదవలేదు, ఏమీ అడగలేదు, "ఇవి ఎవరికైనా చూపించడానికా అమ్మా, చూపిస్తే మంచిదే, ఒక్కదానివే మొయ్యక్కర్లేదు" అంది అంతే. ఆ పిల్ల అక్కడే కూర్చుండిపోయింది. ఎవడో ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తున్నాడు. ఇలాంటప్పుడు స్టాఫ్‌కి తెలిసి ఉండాల్సినవి కొన్నే: డబ్బు పంపొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు, స్క్రీన్‌షాట్లు దాచుకో, వాణ్ణి బ్లాక్ చేసి రిపోర్ట్ కొట్టు, నమ్మకమున్న పెద్దవాళ్ళొకరికి చెప్పు, పోలీసులకి చెప్పొచ్చు. ఇంకొకటి చాలామందికి తెలీదు, టేక్ ఇట్ డౌన్ అని ఉచిత సర్వీస్ ఉంది, 18 ఏళ్ళ లోపు తీసిన ఫొటో అయితే దానికి ఒక డిజిటల్ గుర్తు తయారుచేసి, అందులో చేరిన కంపెనీలు ఆ ఫొటో తమ సైట్లలో ఎక్కితే గుర్తుపట్టి తీసేయడానికి వీలు చేస్తుంది. ఫొటో మన డివైస్ దాటి బయటికి వెళ్ళదు, పేరు చెప్పక్కర్లేదు. ఒక షరతు, ఆ ఫొటో ఉన్న ఫోన్ నుంచే చేసుకోమనండి, లైబ్రరీ కంప్యూటర్‌లోకి ఎక్కించొద్దని గట్టిగా చెప్పండి.

ఆ రోజు ఆ చాట్ నడిచిన సైటు మా దగ్గర బ్లాక్ అయి ఉంటే ఆ అమ్మాయి ప్రింట్ తీసుకోవడానికి వచ్చేదే కాదు, ఆ బెదిరింపు మాత్రం ఫోన్‌లో అలాగే నడిచేది.

మీ దగ్గరికొచ్చి గొడవ చేసిన పేరెంట్ గురించి. ఆయన్ని శత్రువులా చూడకండి, ఆయన భయం నిజమైనదే. కానీ ఒకరి ఇంటి రూలు ఊరందరి పిల్లలకీ రూలు అవ్వదు. నేనేం చేస్తానంటే, ఆయన పిల్లాడి లైబ్రరీ కార్డు మీద సోషల్ సైట్లు వద్దని ఆయన రాసిస్తే ఆ కార్డుతో మొదలయ్యే సెషన్‌లో మాత్రం ఆపుతా, చాలా సెషన్ సాఫ్ట్‌వేర్లలో కార్డు గ్రూపుల్ని బట్టి వేరే ఫిల్టర్ పెట్టుకోవచ్చు. మావాడు ఏం చూశాడో లిస్టు ఇవ్వండి అంటే మాత్రం ఇవ్వను. ఇవ్వడానికి ఉండకూడదు కూడా, ఎవరు ఏ కంప్యూటర్ ఎంతసేపు వాడారన్నది మీ చట్టం ఎన్నాళ్ళు ఉంచమంటే అన్నాళ్ళు ఉంచి తీసేయండి, బ్రౌజింగ్ హిస్టరీ అసలు దాచకండి.

మీ కమిటీకి రాసిచ్చే కాగితంలో సైట్ల పేర్లు రాయకండి. 2006లో రాసుంటే మైస్పేస్ అని రాసేవాళ్ళు, టిక్‌టాక్ అప్పటికి పుట్టనే లేదు. చేయకూడని పనులు రాయండి: ఇంకొకరి అకౌంట్ తెరవడం, ఎవరినైనా వేధించడం, పక్కవాళ్ళని అడక్కుండా ఫొటో తీసి పెట్టడం, పక్కవాళ్ళకి కనిపించేలా అసభ్యమైనవి తెరవడం. మొదటిసారి మాట, రెండోసారి ఆ రోజుకి సెషన్ కట్, ఆ పైన మీ ఇష్టం.

బ్లాక్ తప్పదేమో అనిపించే సందర్భం ఒకటుంది, నెట్ స్పీడు. లైను సన్నగా ఉండి నలుగురు వీడియో పెడితే మిగతావాళ్ళ అప్లికేషన్ ఫారాలు ఆగిపోతుంటే ఏదో ఒకటి చేయాల్సిందే. అప్పుడు కూడా సైటు మూసేయకండి, రౌటర్‌లో ఒక్కో కంప్యూటర్‌కి ఇంత అని స్పీడు పరిమితి పెట్టండి, వీడియో తక్కువ క్వాలిటీలో ఆడుతుంది, ఫారాలు వెళ్తాయి. మీ రౌటర్ మోడల్, కంప్యూటర్లు ఎన్ని, ఇప్పుడు ఏ సెషన్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో కింద పెట్టండి, సెట్టింగ్ ఎక్కడుంటుందో చెప్తా.